చూపులేని విద్యార్థికి శాస్త్రవిద్య

మెదకు పట్టణమునకు అనతిదూరమున, పాపన్నపేట మండలములోని నాగసానిపల్లె చెంత, మంజీరానది ఏడు పాయలుగ చీలి, వనదుర్గాభవాని సన్నిధిని చుట్టి ప్రవహించి, దిగువన మరల ఒక్కటగుచున్నది. ఆ కారణముననే ఆ క్షేత్రమునకు ఏడుపాయలని పేరు. శివరాత్రి జాతరకు ఏటేట లక్షలకొలది జనులు అచటికి వచ్చుచుందురు. ఘనపురము ఆనకట్టక్రింద సేద్యము చేయు రైతులకు ఆ యేటి రాకపోకలే బ్రతుకుతెరువు. ఎగువను సింగూరు గేట్లెత్తిన దినములలో గుడి నీట మునిగి దర్శనము నిలిచిపోవుటయు ఆ ప్రాంతమువారికి క్రొత్తగాదు. నీరు మితముగ పారు దినములలో నొకనాడు అచటి రాళ్లపై కన్నులు మూసికొని నిలిచినవారికి ఒక విశేషము తెలియవచ్చును. ఏటి చప్పుడు ఒక్కటిగ వినరాదు. ఇరుకు సందున దూకు పాయ యొక రీతిగను, ఇసుకపై పరచుకొని పారునది వేరొక రీతిగను పలుకును. పాదము నీట నుంచినచో ఒరవడి యెంతయో, ఏ దిక్కునుండి ఏ దిక్కునకు పోవుచున్నదో బోధపడును. ఏడుపాయల స్వరూపమును గ్రహించుటకు కన్నొక్కటియే దారి కాదు.

ఈ మాటను ఇచట ప్రస్తావించుటకు కారణము గలదు. మన ఉన్నతపాఠశాలలలో పదవ తరగతి బాలబాలికలకు మానవనేత్రమును, రంగుల లోకమును గూర్చిన పాఠ మొకటి కలదు. తెల్లని వెలుగు గాజుపట్టకము గుండ పోయి ఏడు వన్నెలుగ విడిపోవుననియు, వేరొక పట్టకమును తలక్రిందుగ నుంచినచో ఆ వన్నెలు మరల కూడి తెల్లని వెలుగగుననియు న్యూటను మహాశయుడు చూపినాడు. మంజీర ఏడుపాయలయొద్ద చేయుచున్న పనియు నిట్టిదే గదా! ఒక్కటి ఏడగుట, ఏడు మరల ఒక్కటగుట అను ముఖ్యభావము ఈ ఉపమానమున నిమిషములో పట్టుబడును. ఉపమానము ఉపమానమే గాని శాస్త్రము కాదు. వన్నెల నడుమ గట్లు లేవు. ఏడను లెక్క న్యూటను పెట్టినది. ఊదావన్నె ఎక్కువగ వంగుటకును ఎఱ్ఱవన్నె తక్కువగ వంగుటకును కారణము వేరుగ చెప్పవలసియున్నది. ఐనను ఆ చెప్పవలసినదంతయు చెవితో వినదగినదే, చేతితో తడవి తెలిసికొనదగినదే. వెలుగును గూర్చిన పాఠము కూడ చూపులేని విద్యార్థికి చెప్పదగినదే యని మా మనవి.

అయితే లోకమున జరుగుచున్నదేమి? అట్టి బాలుడు తరగతిలో నున్నచో, ఈ పాఠము వచ్చినపుడు ఉపాధ్యాయుడు నిండు దయతోనే, "నాయనా, ఇది నీకు కష్టము; పరీక్షలోను నీకు మినహాయింపు కలదు; నీవు ఊరక కూర్చుండుము" అనును. ఆ మాటలో క్రౌర్య మిసుమంతయు లేదు. లేకపోవుటయే దాని ప్రమాదము. కొట్టి తరిమినవానిపై పోరాడవచ్చును. తల నిమిరి ప్రక్కకు నెట్టినవానిపై పోరాడుటెట్లు?

ఈ మినహాయింపు ఏదో యొక పల్లెలోని ఉపాధ్యాయుని తెలియమి కాదు. దేశశాసనమే దానిని పోషించినది. వికలాంగుల హక్కులకై 1995లో పార్లమెంటు చేసిన చట్టమున 30వ సెక్షను క్రింద, అంధవిద్యార్థుల మేలుకొరకై, కేవల గణితసంబంధమైన ప్రశ్నలను పరీక్షలనుండి తొలగించునట్లు పద్ధతిని సవరింపవలెనని వ్రాయబడినది. మేలుకొరకై తొలగించుట! గణితమును తీసివేసిన పిమ్మట భౌతికశాస్త్రమెక్కడ? రసాయనశాస్త్రమెక్కడ? కేంద్ర మాధ్యమిక విద్యామండలివారును 9, 10 తరగతులలో గణితమునకును శాస్త్రమునకును బదులు వేరు పాఠ్యాంశములను తీసికొను వెసులుబాటు నిచ్చియున్నారు. కోరినవానికి వెసులుబాటుండుట తప్పుకాదు. కాని పదునాలుగేండ్ల బాలుడు నిజముగ కోరుచున్నాడా, లేక శాస్త్రము చెప్పు ఏర్పాటు బడిలో లేనందున అతనిచే కోరించుచున్నారా అని విచారింపవలదా? ఆ వయసున వదలుకొన్నవాడు ఇంటర్మీడియటులో శాస్త్రశాఖలు కోరలేడు. అటుపిమ్మట ఇంజనీరింగు లేదు, గణనశాస్త్రము లేదు. ఒక్క సంతకముతో జీవితమున సగము తలుపులు మూసికొనిపోవును. ఇంకొక వింత చూడుడు. 1976లో జరిగిన 42వ సవరణచే మన రాజ్యాంగమున 51ఎ అధికరణము చేరినది. శాస్త్రీయదృష్టిని పెంపొందించుకొనుట ప్రతి పౌరుని విధి యని అందు గలదు. ప్రతి పౌరుని విధి యని యొక చేత వ్రాసి, వేరొక చేత కొందరు పౌరులను ఆ విద్యనుండి మినహాయించుట ఎట్టి న్యాయమో పెద్దలే చెప్పవలెను.

ఈ అన్యాయము నెదిరించినవాడు మన తెలుగుబిడ్డయే యగుట మనకు గర్వకారణము. కృష్ణాజిల్లాలో మచిలీపట్టణపు చుట్టుపట్ల సీతారామపురమున రైతు ఇంట పుట్టుచూపు లేకుండ జనించిన శ్రీకాంత్ బొల్లా హైదరాబాదులోని అంధుల పాఠశాలలో చదువుకొని పదవ తరగతిలో ఉత్తమముగ కృతార్థుడై, 2007లో శాస్త్రశాఖలో చేరగోరెను. పటములును, రేఖాచిత్రములును చూపులేనివారికి సాధ్యములు కావు గావున శాస్త్రగణితములు కూడవనియు, సాహిత్యమో, సాంఘికశాస్త్రములో చదువుకొనవలసినదనియు నిబంధన అడ్డువచ్చినది. ఆ బాలుడు మిన్నకుండక, ఒక ఉపాధ్యాయురాలి సాయముతో ఉన్నతన్యాయస్థానము మెట్లెక్కెను. కొన్ని మాసములు గడచిన పిమ్మట తీర్పు అనుకూలముగ వచ్చినది. పండ్రెండవ తరగతి పరీక్షలో నూటికి 98 వంతున మార్కులు వచ్చినవి. ఆ తరువాతి కథ చదువరులు ఎఱుగుదురు: అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చదువు, 2012లో హైదరాబాదున బొల్లాంట్ పరిశ్రమల స్థాపన, 2024లో ఆయన జీవితముపై చలనచిత్రము. చలనచిత్రము చూచి కన్నీరు పెట్టినవారు వేలకొలది. అందలి న్యాయస్థానపు ఘట్టమును గూర్చి ఒక్క ప్రశ్న వేసికొనినవారెందరు? ఒక బాలుడు పదునొకండవ తరగతిలో చేరుటకు ఉన్నతన్యాయస్థానము కావలసివచ్చినదేమి? ధైర్యమును, తోడునిలిచిన గురువును లభించిన యొక్కడు పైకి వచ్చెను. అట్టి తోడు లేక మిన్నకుండినవారి పేరులు ఏ చలనచిత్రమునను కానరావు. ఢిల్లీలో కార్తిక్ సాహ్నీ అను విద్యార్థియు ఇట్లే విద్యామండలితో పెనుగులాడి శాస్త్రశాఖలో చదివి ఉత్తీర్ణుడై, స్వదేశమున ఇంజనీరింగు విద్యాలయముల తలుపులు తెరవకపోగా అమెరికాకు పోవలసివచ్చెను. మన విద్యాలయములు వలదన్న బుద్ధిని పరదేశ విద్యాలయములు కన్నుల కద్దుకొనుచున్నవి.

చూపులేనివారికి సంగీతమే తగునను నమ్మకము మనలో పాతుకొనిపోయినది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు మందదృష్టితోనే వాయులీనమున దేశమునకెల్ల గురుస్థానీయులైరి. ఆ కీర్తి తెలుగువారి సొత్తు. ఐనను ఒకరికి సంగీతమున జన్మసిద్ధమైన ప్రతిభ యుండుట వేరు, అందరిని హార్మోనియము ముందర కూర్చుండబెట్టుట వేరు. మన పూర్వులకు ఈ సంకుచితభావము లేదు. ఋగ్వేదమున సంవత్సరమును పండ్రెండాకుల చక్రముగ భావించిన సూక్తమునకు ద్రష్ట దీర్ఘతముడు. ఆయన పుట్టంధుడని మన ఇతిహాసములు చెప్పుచున్నవి. ఖగోళమును తలచినవానిని అంధుడని ఋషిపంక్తినుండి లేపినవారు లేరు. పాశ్చాత్యులలోను దృష్టాంతములు కొదువలేదు. నికొలాస్ సాండర్సను అను నాంగ్లేయుడు మశూచిచే శైశవముననే చూపు కోల్పోయి, 1711లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున న్యూటను కూర్చుండిన లూకేసియను పీఠముననే ఆచార్యుడై, వెలుగును గూర్చియు, వన్నెలను గూర్చియు ఉపన్యాసములిచ్చెను. వెలుగెట్టిదో కన్నులతో నెఱుగనివాడు వెలుగుశాస్త్రమును విద్యార్థులకు చెప్పెను. పలకపై సూదులు గ్రుచ్చి వ్రేళ్లతో లెక్కలు కట్టు సాధనమునుగూడ తానే కల్పించుకొనెను. నేటికాలమున గీరత్ వెర్మై అను జీవశాస్త్రజ్ఞుడు శంఖములను, గుల్లలను చేతితో తడవి పరిశీలించి వాని పరిణామచరిత్రను వ్రాసినాడు. చూడగలవారు చూచియు గమనింపని గీఱలను ఆయన గోటికొన కనిపెట్టుచున్నది.

అసలు శాస్త్రమునకును కంటికిని గల సంబంధమెంత? పరమాణువును చూచినదెవరు? అయస్కాంతక్షేత్రము ఏ కంటికి కనబడినది? విద్యుత్ప్రవాహమును మనము చూచుట లేదు. దీపము వెలిగినదని చూచి ప్రవాహమున్నదని ఊహించుచున్నాము. ఉష్ణమును చూచుట లేదు. పాదరసము పైకెక్కినదని చూచుచున్నాము. ప్రకృతి చెప్పు మాటను కంటికి తెలియు భాషలోనికి మార్చుకొనుట మనకు అలవాటైనది. అదే మాటను చెవికి తెలియు భాషలోనికి, వ్రేలికి తెలియు భాషలోనికి మార్చుటకు ప్రకృతి అడ్డు చెప్పునా? మన రైతులే దీనికి సాక్షులు. పిడికెడు మన్ను పట్టి పదును తెలిసికొందురు. వడ్లగింజను కొరికి ఆరినదో లేదో చెప్పుదురు. అర్ధరాత్రి చీకటిలో బోరు మోటారు మ్రోత మారగానే నీరు తగ్గినదని మంచముమీదనుండియే గ్రహింతురు. అది కొలుచుట కాదా? అది శాస్త్రము కాదా?

ఇక పని జరుగు తీరు చెప్పెదము. విద్యుత్తు పాఠమునకు బడిలో చిన్న దీపము, బ్యాటరీ, తీగలు వాడుదురు. దీపమునకు బదులుగ మ్రోగు బజరు నుంచుడు. తీగ కలిసిన మ్రోగును, తెగిన ఆగును. చెక్క యుంచిన మ్రోగదు, ఇనుపమేకు నుంచిన మ్రోగును. తరగతిలోని పిల్లలందరును ఒక్కసారిగ విందురు. చివరి బల్లమీద కూర్చున్నవానికి చిన్నదీపము కనబడదు గాని మ్రోత వినబడును. రసాయనశాస్త్రమున ఆమ్లమేదో క్షారమేదో తెలిసికొనుటకు లిట్మసు కాగితము రంగు మారుటను చూపుదురు. చూపు లేనివానికి ఇచట దారి మూసికొనిపోయినదని తలంతురు. కాని కేంద్రమువారు ప్రకటించిన పదవ తరగతి శాస్త్రపుస్తకముననే వాసనచే తెలిసికొను సూచికలు చెప్పబడియున్నవి: ఉల్లిగడ్డ, వెనిల్లా సారము, లవంగనూనె. గుడ్డముక్కలకు ఉల్లివాసన పట్టించి ఒకదానిపై ఆమ్లమును, ఒకదానిపై క్షారమును చుక్కగ వేసినచో, క్షారము పడినచోట ఆ వాసన పోవును, ఆమ్లము పడినచోట నిలుచును. ముక్కుతో చేయదగిన ప్రయోగము పుస్తకమున అచ్చై యుండగా, దానిని ఎవనికొరకు వాడవలెనో వానికి పాఠమే వలదనుట ఎంత విడ్డూరము! కొలిచి కలుపు పెద్ద ప్రయోగములకు రంగు మారగానే స్వరము మార్చి పలుకు చిన్న యంత్రములు కలవు. మాటాడు ఉష్ణమాపకములు కలవు. అవి లేని చోట గుర్తుగాట్లు పెట్టిన ఇంజెక్షను గొట్టముతో ద్రవమును సరిగ కొలుచుట చూపులేని బాలునికి ఒక్క వారములో అలవడును.

జీవశాస్త్రమునకు మెదకుజిల్లా పల్లెకన్న మంచి ప్రయోగశాల యెక్కడ కలదు? చింతగింజను నానబెట్టి రెండు బద్దలుగ విడదీయుమనుడు. మక్కగింజ విడదని చూడుమనుడు. రావియాకు వెనుక ఈనెలు వలవలె అల్లుకొనియుండును, అరటియాకు ఈనెలు ప్రక్కప్రక్కన సాగిపోవును. వ్రేలికొన ఆ భేదమును కంటికన్న ముందుగనే చెప్పును. మందారపుష్పము భాగములు తడవి తెలిసికొనుటకే పుట్టినట్లుండును. మేక గుండెకాయను కోసి నాలుగు గదులను చేతికందించినచో, పుస్తకములోని ఎఱ్ఱనీలి బొమ్మను వల్లించిన పిల్లలకన్న ఆ బాలుడు రక్తప్రసరణమును బాగుగ చెప్పగలడు. వెలుగుపాఠమునకే వచ్చినను, ఎండలో పుటాకార దర్పణమును త్రిప్పుచు వేడి గుమిగూడు తావును అరచేత కనుగొనవచ్చును, అదియే నాభి. చేయి కాలకుండ గురువు ప్రక్కన నుండవలెననుట వేరుగ చెప్పనక్కరలేదు. కిరణములు వంగు తీరునకు మేకులును దారములును చాలును. రేఖాచిత్రములకు మేకులు దిగగొట్టిన పలక, రబ్బరు పట్టీలు చాలును. మన యాడువారు వేకువను చుక్కలు పెట్టి ముగ్గు కలుపునపుడు చేయు పని అదియే. దర్జీలు గుడ్డపై గుర్తులు పెట్టుకొను పళ్లచక్రమును దళసరి కాగితము వెనుకవైపున దొర్లించినచో ముందువైపున ఉబ్బెత్తు గీత లేచును.

ఉబ్బెత్తు పటములను పెద్దయెత్తున అచ్చువేయు పద్ధతులును మన దేశమున వచ్చినవి. ఢిల్లీ ఐ.ఐ.టి. పండితుల కృషినుండి వెలువడిన సంస్థ పాఠ్యపుస్తకముల పటములను చేతితో చదువదగునట్లు తయారుచేయుచున్నది. బెంగుళూరున, స్వయముగ చూపులేని విద్యార్థినియై స్వర్ణపతకము నందిన యువతియొకరు తోడివారితో కూడి, అంధపాఠశాలలకు శాస్త్రగణితముల బోధనసామగ్రిని సమకూర్చు సంస్థను నడుపుచున్నారు. సికిందరాబాదులో జాతీయ దృష్టివికలుర సంస్థ యొక్క ప్రాంతీయశాఖ కలదు. పటము ముద్రించుట వేరు, సరిగ మార్చుట వేరు అను సంగతి మాత్రము మరువరాదు. కంటి పటమున పది సంగతులు ఒక్కచోట క్రిక్కిరిసియున్నను కన్ను ఏరుకొనును. వ్రేలికది సాధ్యము కాదు. అనవసరమైన గీతలు తొలగించి, ఒక పటమును రెండు మూడుగ విడదీసి, ముందు మాటలతో దారి చెప్పి, పిమ్మట చేతికి ఇవ్వవలెను. ఈ పని శాస్త్రము తెలిసినవాడే చేయగలడు.

కష్టములు లేవని మేము చెప్పబోము. అన్నిటికన్న పెద్ద కష్టము లిపిలో నున్నది. లూయీ బ్రెయిలీ కల్పించిన ఆరుచుక్కల లిపిని 1951లో భారతీయభాషల కన్నిటికిని ఏకరీతిగ కుదిర్చిరి. తెలుగు అందు సుఖముగ వ్రాయవచ్చును. కాని గణితసమీకరణములోని పైఅంకెలు, క్రిందిఅంకెలు, భిన్నములు, వర్గమూలములు వరుసలో ఒదుగునవి కావు. వానికి వేరు సంకేతములు కావలెను. 1952లో అబ్రహాము నెమెత్ అను చూపులేని గణితాచార్యుడు ఏర్పరచినది అందు ప్రసిద్ధమైనది. చూపు గలవాడు సమీకరణమునంతయు ఒక్క చూపున గ్రహించును. వ్రేలు ఒక్కొక్క గడిని దాటుచు పోవలెను, ఆదిలో చదివినది అంతమువరకు జ్ఞప్తియం దుంచుకొనవలెను. దీనికి అభ్యాసము చిన్ననాటనే ఆరంభము కావలెను. పదవ తరగతిలో మేలుకొన్న ప్రయోజనములేదు. బ్రెయిలీలో ఒక్క శాస్త్రపుస్తకము అనేక సంపుటములగును. అందు సంకేతములను తప్పులేక చెప్పగల ఉపాధ్యాయులు మన జిల్లాలలో మిక్కిలి అరుదు.

రెండవది ధ్వనిపుస్తకముల లోపము. చదివి వినిపించు పుస్తకములు, చదువు యంత్రములు వచ్చినవి. 2016లో భారతప్రభుత్వము సుగమ్య పుస్తకాలయమును తెరచినది. అంధులకై పుస్తకములను మార్చుకొనుటకు గ్రంథస్వామ్యము అడ్డురాకుండ చేసిన మరాకేషు ఒడంబడికను 2014లో అన్నిదేశములకన్న ముందుగ ఆమోదించినది మన భారతదేశమే. శాసనము అడ్డులేదు. కాని శాస్త్రపుస్తకమును వినిపించునపుడు గొంతుక "పటమును చూడుము" అని చదివి ముందుకు సాగిపోవును! ఏ పటము? అందేమున్నది? ఒక్క పలుకు లేదు. మన తెలుగువారి తప్పు వేరొకటి కలదు. మన ముద్రణాలయములలో చిరకాలముగ వాడుచున్న అను మొదలగు అక్షరముల కూర్పు యూనికోడు పద్ధతిలోనిది కాదు. కాగితముమీద అది ముత్యములవలె నుండును గాని, చదువు యంత్రమునకు అది అర్థములేని గుర్తుల గుంపు. దానిని పలికించినచో పిచ్చిమాటలు వచ్చును. తెలుగు మాధ్యమమున చదువు బాలునికి పుస్తకము కంప్యూటరులో ఉండియు లేనట్లే. పుస్తకములను యూనికోడులో కూర్చి, పటమున కొకటి రెండు వాక్యముల వివరణ చేర్చుట కోట్ల రూపాయల పని కాదు. భాషాభిమానమును గూర్చి ఉపన్యసించు పెద్దలు ఈ చిన్నపని చేయింపరాదా?

మూడవది పరీక్ష. చూపులేని విద్యార్థికి వ్రాతగానిని ఇచ్చుట, గంటకు ఇరువది నిమిషముల అదనపు కాలమిచ్చుట నిబంధనలలో నున్నవి. చరిత్రకు ఇవి చాలును. శాస్త్రమునకు చాలవు. వ్రాతగాడు విద్యార్థికన్న క్రిందితరగతివాడై యుండును. విద్యార్థి "ఎ ప్లస్ బి బై సి" అని చెప్పినాడనుకొందము. ఎ, బి రెండును కలిపి సి చే భాగించుటయా, లేక బి ని మాత్రమే భాగించి ఎ కు కలుపుటయా? పలికిన మాట యొక్కటే, వచ్చు ఫలము వేరు. వ్రాతగానికి ఆ భేదము తెలియదు. మార్కులు పోవునది విద్యార్థికి. పటము గీయుమను ప్రశ్నకు బదులు మాటలతో చెప్పు ప్రశ్న నిచ్చుట కేంద్రమండలివారు చేయుచున్నారు, సంతోషము. సమీకరణములను ఎట్లు చెప్పవలెనో విద్యార్థికిని వ్రాతగానికిని ముందుగ కొన్ని దినములు కలిపి అభ్యాసము చేయించు ఏర్పాటు గూడ కావలెను. లేదా కంప్యూటరుపై తానే వ్రాసికొననీయవలెను.

మందదృష్టి గలవారి మాట వేరుగ చెప్పవలెను. 2011 జనాభాలెక్కల ప్రకారము దేశమున దృష్టిలోపము గలవారు 50 లక్షలకు పైగా నున్నారు. వీరిలో అనేకులకు చూపు బొత్తిగ లేకపోలేదు. అక్షరము పెద్దదైన, గీత నల్లగ దళసరిగ నున్న, ముందుబల్లపై కూర్చుండబెట్టిన చదువగలరు. ఇట్టివారిని గ్రుడ్డివారని ఒకవైపును, సోమరులని ఒకవైపును తరుముట మన బడులలో సామాన్యము. తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 15వ తేదీన కంటివెలుగు కార్యక్రమమును మెదకుజిల్లాలోని మల్కాపురముననే ఆరంభించి ఊరూర కన్నులు పరీక్షింపజేసి కండ్లజోళ్లు పంచినది. ఆ పని మెచ్చదగినది. కండ్లజోటితో చూపు కుదురని బిడ్డను చూచినపుడు ఆ బిడ్డకు చదువు ఎట్లని ప్రశ్నించు రెండవ మెట్టు మాత్రము మిగిలియున్నది.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టమున గణితప్రశ్నలను తొలగించు మాట లేదు. ఇది చిన్న మార్పు కాదు. విద్యాసంస్థలు తగిన సదుపాయములు కల్పించి తోటిపిల్లలతోపాటు చదువు చెప్పవలెననియు, 18 ఏండ్లవరకు ఉచితవిద్య హక్కనియు అందు గలదు. చట్టము మారినది; బడిలో మాట మారలేదు. పాపన్నపేట మండలమున చూపులేని బిడ్డ పుట్టినచో తల్లిదండ్రులకు తోచు దారి నేటికిని ఒక్కటే: సుమారు 100 కిలోమీటర్ల దూరమున హైదరాబాదులోని మలక్‌పేట ప్రభుత్వ అంధపాఠశాలకో, బేగంపేటలోని దేవనారు పాఠశాలకో ఆరేండ్ల పసివానిని పంపివేయుట. ఆ సంస్థలు చేసిన మేలు అపారము. శ్రీకాంత్ వంటివారు వెలువడినది అట్టి పాఠశాలలనుండియే. కాని పంపలేని తల్లులుందురు. పంపరాదనుకొను తల్లులును ఉందురు, వారిని తప్పుపట్టుటెట్లు? మండలకేంద్రములలో భవిత కేంద్రములను పేర వికలాంగ బాలలకు విద్యాసహాయకేంద్రములు కలవు, వానికి శిక్షణ నందిన ఉపాధ్యాయులు కలరు. ఆ ఉపాధ్యాయునికి బ్రెయిలీ తెలియవచ్చును, రసాయనము తెలియకపోవచ్చును. ఉన్నతపాఠశాలలోని శాస్త్రోపాధ్యాయునికి రసాయనము తెలియును, బ్రెయిలీ తెలియదు. వీరిద్దరు వారమున కొకపూట ఒక్క బల్లయొద్ద కూర్చుండునట్లు జిల్లా విద్యాధికారి ఉత్తరువు వ్రాయవలెను. దీనికి క్రొత్త శాసనసభ తీర్మాన మక్కరలేదు.

మన పాఠకులలో భూవసతి గలవారు, పట్టణమున వృత్తివ్యాపారములు గలవారు పెక్కురున్నారు. జాతరకు చలువపందిళ్లు వేయింతురు, అన్నదానములు చేయింతురు, బడికి గోడగడియారము కొనియిచ్చి దానిపై పేరు వ్రాయింతురు. వీరిలో నొకరైనను ఊరి ఉన్నతపాఠశాలకు పోయి, శాస్త్రప్రయోగముల బీరువా తెరిపించి, ఇందులో చూపులేని బిడ్డ చేతికందించుటకు ఏమున్నదని ప్రధానోపాధ్యాయు నడిగియుందురా? అడుగుడు. బజరు, రబ్బరు పలక, గాట్లు పెట్టిన గొట్టములు, పళ్లచక్రము అన్నియు కలిపినను ఒకపూట అన్నదానపు వ్యయమున కెన్నో వంతు కావు. ఆ యేడు బడిలో అట్టి బిడ్డ లేకున్నను సామగ్రి వృథా కాదు. బజరు మ్రోగిన అందరికి వినబడును.

జూనులో బడులు తెరచుటకు ముందే ఈ పని ఆరంభింపదగును. ముందుగ పదవ తరగతి శాస్త్రపుస్తకమును ముందర వేసికొని, ఏయే పటములు ఉబ్బెత్తుగ కావలెనో, ఏవి మాటలతో చాలునో, ఏ ప్రయోగమున కంటికి బదులు చెవి పనికివచ్చునో పట్టిక వ్రాసికొనవలెను. మొదటిది పట్టకపు పాఠము కానిండు. వెడల్పైన చెక్కపలకపై రెండు త్రికోణములు దిగగొట్టి, వాని నడుమ ఏడు దారములు, వంపు తక్కువ ఎక్కువలు చేతికి తెలియునట్లుగ బిగించి, ఇరువైపుల ఒక్క త్రాటికి కలుపవలెను. ఒక త్రాడు ఏడు పురులుగ విడిపోయి మరల ఒక త్రాడగుట అందు తెలియును. త్రాళ్లు పేనగల చేతులు ఏడుపాయల చుట్టుపట్ల పల్లెలలో నేటికిని ఉన్నవి.